వాక్యం చెప్పాలనుకున్నాను, చదివి వినిపించే పని దొరికింది

ఉద్యోగం ఉంది, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తున్నారు, ప్రార్థన చేస్తున్నారు. అయినా దేవుడు మిమ్మల్ని ఎందుకు పుట్టించాడో తెలియడం లేదన్నారు. ఎవరిని అడిగినా "నిన్ను నువ్వు తగ్గించుకో" అంటున్నారని, తగ్గించుకుంటే జీవితానికి ఉద్దేశం ఎలా దొరుకుతుందని మీ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఆ సలహా నాకూ ఇచ్చారు. విన్నప్పుడు ఒళ్లు మండింది.

26 ఏళ్ల వయసులో నా పిలుపేంటో నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. వాక్యం చెప్పాలి, అంటే చర్చిలో బైబిల్ బోధించాలి. యవనస్తుల కూటంలో నాలుగైదు సార్లు మాట్లాడాను, బాగుందన్నారు, ఇక అదే నా దారి అని తేల్చేసుకున్నాను. తర్వాత ఆ కూటానికి లీడర్ని పెట్టాల్సి వచ్చింది. నన్ను కాదని నాకంటే మూడేళ్లు చిన్నవాణ్ణి పెట్టారు. పైకి "దేవుని చిత్తం" అన్నాను. లోపల మాత్రం అతను ప్రార్థన చేస్తుంటే కళ్లు మూసుకుని అతని మాటల్లో తప్పులు ఏరేవాణ్ణి. మెల్లగా వెళ్లడమే మానేశాను. ఎనిమిది నెలలు. ఇంట్లో కూర్చుని మీరడిగిన ప్రశ్నే దేవుణ్ణి అడిగాను. కాకపోతే అందులో ఉద్దేశం గురించిన బాధ తక్కువ, నాకు మైకు ఇవ్వలేదన్న ఉక్రోషం ఎక్కువ. ఆ తేడా అప్పుడు తెలియలేదు.

ఒకరోజు పాస్టర్ గారు ఫోన్ చేశారు. ఎందుకు రావడం లేదని అడగలేదు. "సంఘంలో ఒక పెద్దాయనకి చూపు పోయింది, శనివారం శనివారం వెళ్లి బైబిల్ చదివి వినిపిస్తావా?" అన్నారు. సమయానికి సాకేదీ తట్టక సరేనన్నాను. ఇది చేస్తే మళ్లీ నా పేరు గుర్తుకొస్తుందేమో అన్న లెక్క కూడా ఉంది, దాచడం దేనికి.

పెద్దాయన దగ్గర ఆ లెక్కేమీ సాగలేదు. రెండో వారమే ఒక కీర్తన చదివి, దాని భావం చెప్పబోయాను. "వివరించకు బాబూ, చదువు" అన్నారు. అంతే. నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య అక్కడ అక్కర్లేదు. కొన్నిసార్లు సగంలో నిద్రపోయేవారు. ఫోన్లో ఆడియో బైబిల్ పెడతానని చెప్పి చూశాను. "అది నేను ఆగమంటే ఆగదు, నువ్వైతే ఆగుతావు" అన్నారు. కీర్తనలు, యెషయా అయ్యాక యిర్మీయా మొదలుపెట్టాం.

యిర్మీయా 36వ అధ్యాయం మీరు చదివే ఉంటారు. యిర్మీయా ప్రవక్త చెబుతుంటే బారూకు అనే లేఖకుడు సిరాతో పుస్తకపు చుట్టలో రాస్తాడు. మందిరంలో జనానికి చదివి వినిపించేదీ అతనే. తర్వాత ఆ చుట్ట రాజైన యెహోయాకీము ముందుకు వెళ్తుంది. చలికాలం, ముందు కుంపటి మండుతోంది. మూడు నాలుగు భాగాలు చదవగానే రాజు చాకుతో ఆ ముక్క కోసి నిప్పుల్లో వేస్తాడు. అలా చుట్టంతా బూడిద. యిర్మీయా ఇంకో చుట్ట ఇస్తే బారూకు మొదటి నుంచి మళ్లీ రాస్తాడు, ఇంకొన్ని మాటలు కూడా చేరతాయి. ఇంత పని చేసినవాడి పేరు మనలో ఎంతమందికి గుర్తుంటుంది?

కొన్ని వారాల తర్వాత 45వ అధ్యాయానికి వచ్చాం. అయిదే వచనాలు, అన్నీ బారూకు ఒక్కడి కోసం. మూలిగి మూలిగి అలసిపోయాను, నెమ్మది దొరకడం లేదు అన్నవాడికి దేవుడిచ్చిన జవాబు: "నీనిమిత్తము నీవు గొప్పవాటిని వెదకుచున్నావా? వెదకవద్దు." నేను ఆగిపోయాను. "ఏమైంది?" అన్నారు పెద్దాయన. ఏం లేదన్నాను. "అయితే మళ్లీ చదువు." మళ్లీ చదివాను, గొంతు సరిగ్గా రాలేదు. ఆయన ఏమీ అనలేదు.

తర్వాత ఇంకోటి గమనించాను. 51వ అధ్యాయంలో సిద్కియా రాజుతో బబులోనుకు వెళ్లిన శెరాయా అనే అధికారి ఉన్నాడు. అతని తండ్రి, తాత పేర్లు, బారూకు తండ్రి, తాత పేర్లు ఒకటే. అన్నదమ్ములై ఉండాలి. ఒకడు రాజు పక్కన, ఇంకొకడు ఎవరికీ నచ్చని ప్రవక్త దగ్గర రాతపనిలో. బారూకు మూలుగు నాకు బాగా అర్థమైంది.

గమనించండి, దేవుడు బారూకుని పని మానేయమనలేదు, వేరే పెద్ద పని ఇస్తాననీ అనలేదు. ఎక్కడికి వెళ్లినా ప్రాణం మాత్రం దక్కిస్తానన్నాడు. చేతిలో ఉన్న కలం చేతిలోనే ఉంది. పోవాల్సింది "నా నిమిత్తం" అన్న మాట ఒక్కటే. మీ ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇంతవరకే. తగ్గించుకోవడం వల్ల ఉద్దేశం పుట్టుకురాదు. నా పేరు, నా స్థానం అని లోపల జరిగే గోల తగ్గితే, ఎదురుగా ఎప్పటినుంచో ఉన్న మనిషి కనిపిస్తాడు. క్రైస్తవ విశ్వాసాన్ని ప్రశ్నలు, జవాబులుగా నేర్పే పుస్తకం ఒకటుంది, 1647లో పూర్తయిన వెస్ట్‌మినిస్టర్ చిన్న ప్రశ్నోత్తరి. అందులో మొదటి ప్రశ్నే మనిషి ముఖ్య ఉద్దేశం ఏమిటని. జవాబు, దేవుణ్ణి మహిమపరచడం, ఆయనలో ఎల్లకాలం ఆనందించడం. ఉద్యోగం, వేదిక, పదవి ఆ జవాబులో లేవు. కుర్చీలు సర్దేవాడికీ సరిపోతుంది.

ఒక్క సంగతిలో మాత్రం ఆ సలహా ఇచ్చేవాళ్లతో నాకు పేచీ ఉంది. తగ్గింపు అంటే "నేను దేనికీ పనికిరాను" అనుకోవడం అన్నట్టు చెబుతారు. యోహాను 13 చూడండి. తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడని, దేవుని దగ్గర నుంచి వచ్చానని, దేవుని దగ్గరికే వెళ్తున్నానని తెలిసి, యేసు శిష్యుల పాదాలు కడగడానికి లేచి తువాలు కట్టుకున్నాడు. తానెవరో తెలిసినవాడు వంగాడు. ఆయన్ని పట్టించబోయే శిష్యుడు యూదా కూడా అప్పుడు అక్కడే ఉన్నాడు. కాబట్టి ఎవరైనా మిమ్మల్ని తొక్కుతూ దానికి తగ్గింపు అని పేరు పెడితే ఊరుకోకండి. అలాగే ఈ వెలితితో నిద్ర, తిండి పోయి, బతకాలనిపించని దాకా వస్తే ప్రార్థనతో పాటు డాక్టర్ దగ్గరికీ వెళ్లండి. అందులో అవిశ్వాసం ఏమీ లేదు.

ఆ లీడర్‌కి క్షమాపణ కూడా చెప్పాను. వారం రోజులు ప్రాక్టీస్ చేసుకుని, చాలా టెన్షన్‌తో వెళ్లాను. అంతా విని "అవునా అన్నా, మీరు బాధపడ్డారని నాకు తెలియనే తెలియదు. ఊరు మారారేమో అనుకున్నా" అన్నాడు. ఎనిమిది నెలల నా మహా గాయం అతని దాకా చేరనే లేదు! ఇంటికొచ్చి చాలాసేపు నవ్వుకున్నాను.

మీరు ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే ఎవరికీ కనిపించని పని ఒకటి అడిగి తీసుకోండి. బాగా చేస్తున్నానా లేదా అని మొదటి మూడు నెలలు లెక్క చూసుకోవద్దు. విసుగొస్తుంది, నాకు వచ్చింది.

వాక్యం చెప్పమని ఇప్పటికీ నన్నెవరూ అడగలేదు. ఆశ పూర్తిగా పోలేదు కూడా. శనివారాలు మాత్రం నడుస్తున్నాయి. ఇప్పుడు యెహెజ్కేలు చివర్లో ఆలయం కొలతల దగ్గర ఉన్నాం, అధ్యాయాలకి అధ్యాయాలు మూరలే మూరలు. మొన్న "ఇవి దాటేద్దామా?" అని అడిగాను. ఒప్పుకోలేదు.