గీత కంటే ముందు బాణం

తమ్మీ,

దేవరకొండ నుంచి విద్యుత్ క్షేత్రరేఖల మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. వాక్యం తేటగా ఉంది, ఆ మాట చాలు. మూడో పేజీలో ‘ధనావేశాన్ని వదిలిపెడితే క్షేత్రరేఖ వెంబడే పోతుంది’ అని రాసినవు చూడు, అక్కడ్నే ఆగిపోయిన. రేఖకు గీసిన స్పర్శరేఖ ఆ బిందువు దగ్గర బలం ఎటుందో చెప్తది. బలం దిక్కు త్వరణానిది, వేగానిది కాదు. రేఖ వంపు తిరిగే చోట ఆవేశం అప్పటికే అందుకున్న వేగంతో వంపు దాటి బయటికి జారుతది. నిశ్చలంగా వదిలిన ఆవేశం రేఖ మీదనే పోవాలంటే ఆ రేఖ తిన్నగా ఉండాలె.

గీత ముందు గీసి, బాణం తర్వాత తగిలిస్తే ఇట్లనే అయితది. ముందు బాణాలు పెట్టు: ఒక్కో చోట చిన్న ధనావేశం మీద బలం ఎటుందో, ఎంతుందో చూపేటివి. +4, −1 ఆవేశాలను 10 సెం.మీ. ఎడంగా ఉంచు. −1కు అవతల, అదే వరుసలో 5 సెం.మీ. దగ్గర, స్థిరాంకం పక్కన పెట్టి ఆవేశాన్ని దూరం వర్గంతో భాగిస్తే, +4 నెట్టేది 4/225, −1 గుంజేది 1/25. గుంజుడుదే పైచేయి. 10 దగ్గర 4/400, 1/100: రెండూ సమానం, క్షేత్రం సున్న. 20 దగ్గర 4/900, 1/400: ఇప్పుడు నెట్టుడు గెలుస్తది. ఇట్ల పాతిక చోట్ల బాణాలు పెట్టి కలుపుకుంటూ పో, గీత దానంతటదే వస్తది. రేఖల లెక్క ఆవేశానికి తగ్గట్టు ఉంటది: +4 నుంచి 16 రేఖలు బయల్దేరితే −1లోకి 4 చేరుతయి, తక్కిన 12 దూరం పోతయి. నీ బొమ్మలో పదహారూ −1లోనే దూరినయి!

తప్పంతా నీది కాదులే. సంపాదకులకు ఎప్పుడూ రెండు సమాన ఆవేశాల బొమ్మే కావాలె, ముగ్గు లెక్క కుదురుగా ఉంటదని. ఇప్పటి యానిమేషన్లల్ల చుక్కలు గీత మీద పరుగెత్తుతుంటయి. నీ మూడో పేజీ వాక్యం అక్కడ్నుంచే వచ్చి ఉంటది.

రవ్వ గింజల వరుసలతో క్షేత్రరేఖలు చూపే ప్రయోగంల నీళ్లు పొయ్యమన్నవు. బోరు నీళ్లల్ల లవణాలుంటయి, కరెంటు పారి క్షేత్రం నిలవదు. పాలమూరు, నల్లగొండ చేన్లల్ల ఆముదాలు పండంగ నీళ్లెందుకు? గాజు పళ్లెంల అర సెం.మీ. లోతు ఆముదం, పైన సన్నటి బొంబాయి రవ్వ పలుచగా. ఎక్కువ చల్లితే ముద్ద కడుతది. కొన్ని వేల వోల్టులు కావాలె. కరెంటు కొద్ది మిల్లీ ఆంపియర్లు దాటనియ్యని ల్యాబ్ సప్లైతోనే, లెక్చరర్ పక్కనుంటేనే. ఇంటి ప్లగ్గు జోలికి పోవద్దని పెద్దక్షరాల్లో రాయి. గింజ రెండు కొసల్లో వ్యతిరేక ఆవేశాలు తేలి, చిక్కటి నూనెలో అది మెల్లగా క్షేత్రం దిక్కు తిరుగుతది. గింజకు గింజ తగులుకొని వరుస కడుతయి. రెండు వరుసల నడుమ ఖాళీలో క్షేత్రం లేదని పిల్లలు అనుకుంటరు. అక్కడా ఉంటదన్న మాట చేర్చు.

పత్రికల సంగతి ఇంకోసారి. బొమ్మ మళ్లీ గీసి పంపు, బాణాలు చెరపకు.