లాంజరోటే లావా నేల మీద నడక: గైడు అవసరమేనా?

ప్రశ్న: లండన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి డిసెంబరులో మమ్మల్ని స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో లాంజరోటేకు తీసుకువెళ్తానంటోంది. అక్కడ అగ్నిపర్వతాల మధ్య నుంచి సముద్రతీరం దాకా గైడుతో కలిసి రోజంతా సాగే నడక ఉందట. నాకు 62 ఏళ్ళు, మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. అగ్నిపర్వతాల మధ్య నడవడం ప్రమాదం కాదా? దారి ఉన్నచోట గైడు దేనికి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ప్రమాదం సంగతి చెబుతాను. లాంజరోటేలో చివరిసారి అగ్నిపర్వతం బద్దలైంది 1824లో. తిమాన్‌ఫాయా జాతీయ ఉద్యానంలో ఒకచోట 13 మీటర్ల లోతున ఇప్పటికీ సుమారు 600 డిగ్రీల వేడి ఉన్నమాట నిజమే కానీ, ఆ చోటికి సందర్శకులు వాహనాల్లోనే వెళ్తారు. నడిచేవారు భయపడవలసింది నిప్పుకు కాదు, చీలమండ మెలిక పడటానికి, ఎండకు, గాలికి, తీరంలో ఎగసిపడే అలలకు.

ఇక గైడు సంగతి. తీరం వెంబడి ఉన్న కాలిబాటలో ఎవరికి వారు నడవవచ్చు. ఉద్యానం లోపలి త్రెమెసానా దారిలో మాత్రం ముందుగా నమోదు చేసుకుని, ఉద్యానం సిబ్బంది వెంట చిన్న బృందంగానే వెళ్ళాలి. ఈ కట్టుబాటు ఎందుకో తెలియాలంటే ఆ నేల వయసు తెలియాలి. 1730 సెప్టెంబరు 1 రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య తిమాన్‌ఫాయా దగ్గర భూమి బద్దలైందని యైసా గ్రామ మతగురువు ఆంద్రేస్ లోరెంసో కుర్బేలో రాసిపెట్టాడు. 1736 ఏప్రిల్ దాకా ఆగి ఆగి పొంగిన లావా, బూడిద దీవిలో దాదాపు నాలుగో వంతును, ఊళ్ళతో, పంట పొలాలతో సహా కప్పేశాయి. మీ ఊరి పక్కన కాతేరులో, గోదావరి ఆవల పంగిడిలో కనిపించే నల్లరాయి కూడా లావా గడ్డకట్టి ఏర్పడినదే. అయితే దాని వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్ళు కాబట్టి దానిపై మట్టి పేరుకుంది, చెట్లు మొలిచాయి. లాంజరోటే రాయికి ఇంకా మూడు వందల ఏళ్ళు నిండలేదు, పైగా అక్కడ వానలు బహు తక్కువ. అందుకే లావా ఎక్కడ ఆగిందో అక్కడే, ఆ మెలికలతోనే ఉంది.

దారి పక్కన ఏదైనా ఒక రాయి దగ్గర వంగి చూడండి. సముద్రపు తేమగాలి తగిలే ఉత్తరం వైపున బూడిదరంగు పొరలా, చిన్న చిన్న కొమ్మలు వేసినట్లుగా శిలావల్కాలు (లైకెన్లు, అంటే శైవలం, శిలీంధ్రం కలిసి బతికే జీవులు) పట్టి ఉంటాయి. వెనుక వైపు తరచు నల్లగా, బోడిగా ఉంటుంది. ఆ నేల మీద మొదట నిలదొక్కుకున్న ప్రాణులలో అవీ ఉన్నాయి. ఎన్నో ఏళ్ళకు గాని పెరగని ఆ పొర ఒక్క బూటు కింద నలిగిపోతుంది. నల్లటి బూడిద వాలు మీద పడిన అడుగు గుర్తు చాలాకాలం చెరగదు. పైన గట్టిగా కనిపించే లావా కింద డొల్ల సొరంగం ఉండవచ్చు. గైడు వేసిన అడుగులోనే అడుగు వేయమనడం మన క్షేమానికే కాదు, ఆ నేల క్షేమానికి కూడా. నన్నడిగితే, దారి తెలిసినా గైడుతోనే వెళ్ళాలంటాను.

లా హేరియా ద్రాక్షతోటలు కూడా కార్యక్రమంలో ఉన్నాయేమో అమ్మాయిని కనుక్కోమనండి. అక్కడి రైతులు బూడిదను తవ్వి, గోతి అడుగున పాత మట్టి తగిలాక ఒక్కొక్క తీగ నాటి, గాలి కొట్టకుండా అర్ధచంద్రాకారంలో రాతిగోడ కట్టారు. రాత్రి తేమను ఆ బూడిదే పట్టి ఉంచి, పగలు ఆవిరి కాకుండా కాపాడుతుంది. పొలాలను మింగిన బూడిదతోనే సేద్యం చేసిన ఆ రైతుల తెలివికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పడమటి తీరంలో ఎల్ గోల్ఫో దగ్గర, సముద్రం సగం కోసేసిన అగ్నిపర్వతపు కడుపులో నల్ల ఇసుక, ఆకుపచ్చ మడుగు కనిపిస్తాయి. మడుగులో దిగనివ్వరు. ఆలివిన్ అనే పచ్చ స్ఫటికాలున్న రాళ్ళను జ్ఞాపకంగానైనా తీసుకురాకూడదు. చలికాలంలో అలలు ఉద్ధృతంగా ఉంటాయి కాబట్టి ఫొటోల కోసం రాతి అంచుకు వెళ్ళకండి.

డిసెంబరులో పగలు 20 డిగ్రీలకు అటూ ఇటూగా హాయిగానే ఉంటుంది గాని దారిలో నీడ లేదు, నీళ్ళు దొరకవు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, గాలికి ఎగిరిపోకుండా తాడున్న టోపీ, పలుచటి గాలికోటు, చీలమండ కప్పే గట్టి బూట్లు ఉండాలి; చెప్పులతో వెళ్తే పదునైన లావా ముక్కలు పాదాలు కోసేస్తాయి. మోకాళ్ళకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం, అందులోనూ కాలు జారే బూడిద వాలు మరీ కష్టం. కనుక మీ శ్రీమతి సంగతి నిర్వాహకులకు ముందే తెలియజేసి, మొత్తం దూరం, దిగుడు ఎంతో అడగండి. శిఖరం ఎక్కని దారిని ఎంచుకుని, ఆమెకు రెండు చేతికర్రలు ఇవ్వండి. నడక మధ్యలో ఎక్కడైనా వాహనం అందుకునే వీలుందేమో డబ్బు కట్టకముందే కనుక్కోండి. లేదంటే ఆమె అమ్మాయితో కలిసి కారులో నేరుగా ఎల్ గోల్ఫోకు వెళ్ళి మిమ్మల్ని అక్కడ కలుసుకోవచ్చు.