మన గుండె ఫారిన్ పోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబాయి ఆర్గాన్ డొనేషన్‌కి పేరు రాయిస్తానంటే, ఫారినోళ్లకి అమ్మేస్తారంట వద్దని మా పిన్ని ఒకటే గొడవ. దేశాల మధ్య సహకారం అంటుంటారు, అదేనా ఇది?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అది కాదమ్మా. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలు ముందు మన రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ లిస్టులో ఉన్నోళ్లకి, ఎవరికీ సరిపోకపోతే వేరే రాష్ట్రాలకి, ఫారినర్ వంతు అన్నిటికన్నా చివర. అసలు గుండెని తీశాక నాలుగైదు గంటల్లో పెట్టెయ్యాలి, బెజవాడ నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టుకి గ్రీన్ ఛానల్ అని ట్రాఫిక్ ఆపేది అందుకే, ఇక అమెరికా ఏం పంపుతారు చెప్పండి!

దేశాలు ఒకళ్ల దగ్గర ఒకళ్లు తెచ్చుకునేది ఎక్కువగా పని నేర్చుకోవడమే. స్పెయిన్‌లో 1989లో అవయవదానానికి జాతీయ సంస్థ పెట్టి, ఆస్పత్రుల్లో కోఆర్డినేటర్లని, ఎక్కువగా ఐసీయూ డాక్టర్లనే, కూర్చోబెట్టారు, ఇప్పుడక్కడ పది లక్షల జనాభాకి ఏడాదికి 50 మంది దాకా డోనర్లు, మన దేశంలో ఆ లెక్కన ఒక్కరు కూడా లేరు. వాళ్ల ట్రైనింగ్‌లో నాకు బాగా నచ్చింది ఒకటుంది, మనిషి పోయాడన్న సంగతి ఇంట్లోవాళ్లకి బుర్రకెక్కేదాకా ఆగి అప్పుడే దానం మాటెత్తుతారు, ఇక్కడ కొన్నిచోట్ల రెండూ ఒకేసారి చెప్పేస్తారు, ఎవరు ఒప్పుకుంటారండీ.

పిన్ని గారి భయం ఊరికే రాలేదు లెండి, కిడ్నీ రాకెట్ వార్తలు చూస్తూనే ఉన్నాం, కానీ అవి ఎక్కువగా బతికున్నోళ్ల దగ్గర కొనేవి. మన 1994 అవయవ మార్పిడి చట్టంలో అది నేరం, వేరే వేరే దేశాల డాక్టర్లు కలిసి చేసిన 2008 ఇస్తాంబుల్ డిక్లరేషన్ కూడా వద్దనే అంది.

బాబాయి గారు పేరు రాయించినా రేపు సంతకం పెట్టాల్సింది ఇంట్లోవాళ్లే, కాబట్టి పిన్ని గారిని పక్కన కూర్చోబెట్టుకునే రాయించమనండి.