మాక్సీ (moxie) అనే ఇంగ్లీషు మాటను ఎవరి గురించి వాడాలి?

‘మాక్సీ’ అంటే ధైర్యమట, మరి కరేజ్ బదులు ఎక్కడైనా వాడేయొచ్చా అని అడిగారు. వాడకూడదు. యుద్ధానికి వెళ్లే సైనికుడికి ఆ మాట అతకదు. మా పిన్నికి అతుకుతుంది.

మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు విరిగిపోయి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయి ఉన్నాయి. కరెంటు లేదు. కొన్నాళ్లకు నష్టం రాసుకోడానికి ఒక ఉద్యోగి వచ్చాడు. రోడ్డు మీదే నిలబడి, ఊరి పెద్దలు చెప్పిన పేర్లు రాసుకుంటున్నాడు. బాబాయి పోయాక తోట చూసుకునేది పిన్నే. కాగితాలు ఇంకా ఆయన పేరునే ఉన్నాయి కాబట్టి ఆవిడ సంగతి ఎవరూ ఎత్తలేదు.

పిన్ని కొంగు నడుముకు దోపుకుని జీపు ముందుకొచ్చింది. “ఏటి బాబూ, రోడ్డు మీదుండి రాసేస్తే లోపల పడిపోనాయి ఎవులు రాస్తారు? రండి, నాను సూపిస్తాను” అంది. ఆయన విసుక్కున్నాడు. “ఊరుకో వదినా, తర్వాత సూసుకుందాం” అన్నారు మగాళ్లు. ఆవిడ కదిలితేగా! చివరికి ఆయన పడిన కొమ్మలు దాటుకుంటూ తోటంతా తిరిగాడు. ఒక్కో చెట్టూ చూపించి రాయించింది. తుపాను రాత్రి భయపడని మనిషి మా ఊళ్లో లేడు, పిన్నీ భయపడింది. నష్టం రాయడానికొచ్చిన ఉద్యోగిని ఆపి అడగడం మాత్రం ఆవిడకే చేతనైంది.

మా శ్రీకాకుళంలో కోచింగ్‌కి వెళ్లే పిల్లలు పది ఇంగ్లీషు మాటలు వరసగా రాసుకుని అన్నిటికీ ‘ధైర్యం’ అని బట్టీ పడుతుంటే నాకు బాధేస్తుంది. ఈ మాట వెనక ఒక సీసా ఉందని వాళ్లకెవరూ చెప్పరు. 1880ల్లో అమెరికాలోని లోవెల్‌లో అగస్టిన్ థాంప్సన్ అనే డాక్టరు నరాలకు బలమంటూ మాక్సీ పేరుతో అమ్మిన చేదు టానిక్ అది. తర్వాత కూల్‌డ్రింక్ అయింది. 1930ల నాటికి ఆ పేరే చొరవ, తెగువ ఉన్నవాళ్లను మెచ్చుకునే మాటగా మారింది.

‘షీ హ్యాజ్ మాక్సీ’ అనండి, ముందు ‘ఎ’ పెట్టకండి. అమెరికన్లు మామూలు కబుర్లలో వాడే మాట ఇది. ఆఫీసుకి రాసే అర్జీలో మాత్రం కరేజ్ అనే రాయండి.