పికప్ బాడీ మొత్తానికి బెడ్ లైనర్ కొట్టించవచ్చా? గంజాం తీరంలో నా అనుభవం

గుణుపురం నుంచి మీరు అడిగింది ఇది. 2016 మోడల్ బొలెరో పికప్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు. ఇటుక, ఇనుప చువ్వలు, సీజన్‌లో ఘాటీ మీది ఊళ్ల నుంచి చింతపండు, జీడిపిక్కలు వేస్తారు. తొట్టిలో పెయింట్ ఎప్పుడో పోయింది. తలుపుల మీద ముళ్లకంపల గీతలు, చక్రాల పక్కన రాళ్లు తగిలిన మచ్చలు ఉన్నాయి. మామూలు పెయింట్ బదులు లోపలా బయటా బండి మొత్తానికి బెడ్ లైనర్ (తొట్టి రేకు దెబ్బతినకుండా కొట్టే మందమైన గరుకు పూత) కొట్టించేస్తే ఇక జీవితాంతం తుప్పు గొడవ ఉండదని ఎవరో చెప్పారు, అది నిజమేనా అని అడిగారు.

తొట్టి లోపల తప్పకుండా కొట్టించండి. బయట తలుపుల కింది భాగం, చక్రాల మీది రేకు గూళ్లు కావాలంటే కొట్టించుకోండి. బండి మొత్తానికి మాత్రం వద్దు. నేను మొత్తానికి కొట్టించాను, మూడేళ్లు తిరగకుండానే దాని ఫలితం చూశాను.

మాది ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురం. గోపాలపూర్ తీరం నుంచి చేపలు, రొయ్యలు తెచ్చి మార్కెట్‌కి వేయడం మా పని. ఆ తీరంలో వేటకు వెళ్లే వాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే, నోళియాలు. తెల్లవారకముందే పడవలు ఒడ్డుకు వస్తాయి. చేపల పెట్టెలు, ఐసు తొట్టిలో పడతాయి. బరంపురం చేరేలోపు ఐసు కరిగి, చేపల ఉప్పునీళ్లతో కలిసి, వెనక డోర్ సందులోంచి చాసిస్ మీదకి కారుతూనే ఉంటుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీళ్లు ఆరినా ఉప్పు రేకుని వదలదు. పైగా గాలిలో తేమను లాక్కుంటుంది, అందుకని వాన లేని రోజున కూడా రేకు మడతల్లో తడి ఉంటూనే ఉంటుంది. మా బళ్లకి తుప్పు పట్టేది ఇలాగే. తుప్పుని ఒడియాలో కళంకి అంటారు. మా ఒడియా మిస్త్రీ ఆ మాట అన్నప్పుడల్లా నాకు మన కళంకం గుర్తొస్తుంది, ఎందుకంటే అది పైన చిన్న మచ్చలాగే మొదలవుతుంది.

2019 ఫిబ్రవరిలో తొట్టి అంచుల్లో తుప్పు, తలుపుల కింద రెండు మూడు చోట్ల పెయింట్ బుడగలు కనిపించాయి. ఒక షాపువాళ్లు బెడ్ లైనర్ నమూనా చూపించారు. రేకు ముక్కని సుత్తితో కొట్టినా పూత చిట్లలేదు, తాళంచెవితో గీకినా గీత పడలేదు. అది చూసి నేను పడిపోయాను. క్యాబిన్, బానెట్, తలుపులు, తొట్టి, ఏదీ వదలకుండా నల్లగా కొట్టేశారు. మూడో రోజుకి బండి చేతికిచ్చారు. అంత తొందరగా ఎలా అయిందని ఆ రోజు నేను అడగలేదు. మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

2021 వానాకాలంలో ఎడమ తలుపు కింద చిన్న ఉబ్బు కనిపించింది. బొటనవేలితో నొక్కితే లోపలికి మెత్తగా దిగింది. గోరు పెట్టి లాగితే పూత తోలులా జానెడు పొడవున ఊడి వచ్చింది. దాని వెనక రేకు లేదు, గోధుమరంగు పొలుసులు ఉన్నాయి. మిస్త్రీ స్క్రూడ్రైవర్ పెడితే అవతలికి దిగిపోయింది. రెండో తలుపు, తొట్టి వెనక మూలలు, అన్నీ చూశాం. ఎక్కడ చూసినా పైన పూత నిగనిగలాడుతోంది, లోపల ఇనుము పోయింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. నా ఇంటి తిండి ఆ బండి మీదే.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత విప్పి చూస్తే తెలిసింది. తలుపు అంటే రెండు రేకుల పెట్టె. అద్దం పక్కన రబ్బరు ఎంత బాగున్నా కొంత నీరు లోపలికి దిగుతుంది. ఆ నీరు బయటికి పోవడానికి తలుపు అడుగున చిన్న కన్నాలు ఉంటాయి. షాపువాళ్లు వాటిని కూడా పూతతో మూసేశారు. అంటే నీరు లోపలికి వస్తోంది, బయటికి దారి లేదు. దానికి తోడు, బుడగలున్న చోట తుప్పుని రేకు మెరిసేదాకా తీయలేదు. పైపైన రుద్ది, పుట్టీ పెట్టి, మీద కొట్టేశారు. తుప్పుకి తేమా గాలీ చాలు. పూత కింద అవి చిక్కుకుపోయాయి, పని జరుగుతూనే ఉంది. మామూలు పెయింట్ అయితే మొదటి నెలల్లోనే పొక్కి మనకి చెప్పేసేది. బెడ్ లైనర్ మందంగా, సాగేలా ఉంటుంది కాబట్టి చెప్పకుండా దాచింది. నాకు ఈ పూత మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే.

ఇందులో పూత తప్పేమీ లేదు. అమెరికాలో పికప్ తొట్టిలో సామాను ఈడ్చినా రేకు దెబ్బతినకూడదని వాడడం మొదలుపెట్టిన పూత ఇది, పేరులోనే బెడ్ ఉంది. దెబ్బకి, రాపిడికి దాన్ని మించింది లేదు. తుప్పుకి మందు అనుకుంటేనే మోసపోతాం. మీ బండికి ఎక్కువ కష్టం దేని వల్ల అన్నది మీరు ముందు తేల్చుకోవాలి. మీ గుణుపురం వైపు ఉప్పుగాలి లేదు, రాళ్లూ కంపలూ ఇటుకలూ చువ్వలూ ఉన్నాయి. అంటే మీకు రాపిడి ఎక్కువ. కాబట్టి ఈ పూత నా కంటే మీకే బాగా పనికొస్తుంది, కానీ రాపిడి తగిలే చోటే. బానెట్ మీద, క్యాబిన్ పైకప్పు మీద ఎవరూ ఇటుకలు వేయరు కదా.

పూతలో రెండు రకాలున్నాయి. పాలియూరియా అయితే రెండు ద్రవాల్ని వేడి చేసి, పెద్ద ఒత్తిడితో గన్ మూతి దగ్గర కలిపి కొడతారు. క్షణాల్లో గట్టిపడుతుంది. దానికి ఖరీదైన మెషిన్, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. రెండోది రాప్టర్ బ్రాండ్ లాంటి పాలియూరిథేన్. సీసాలో మూడు పాళ్ల మందుకి ఒక పాలు హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపి మామూలు కంప్రెసర్‌తోనే కొట్టవచ్చు. నాకు కొట్టింది ఈ రెండో రకం. మన బళ్లకి ఇది చాలు. ఎండ తగిలే చోట కొట్టించేటట్టయితే అది ఎండకి తట్టుకునే రకమా అని అడగండి. కొన్ని రకాలు ఎండకి తెల్లబారి, చేత్తో రుద్దితే సుద్దలా వస్తాయి. నా క్యాబిన్ పైకప్పు అలాగే అయింది.

నల్లరంగు గురించి ఇంకో మాట. ఏప్రిల్, మే నెలల్లో మా బరంపురం ఎండకి నల్ల తొట్టి పెనంలా కాలుతుంది. నాకు ఐసు ముందు కంటే ఎక్కువ పట్టడం మొదలైంది. మీకు ఐసు లేదు గానీ, క్యాబిన్ నల్లబడితే లోపల కూర్చునేది మీరే.

రంగు మారితే ఆర్‌సీ కూడా చూసుకోవాలి. అందులో బండి రంగు రాసి ఉంటుంది. తెల్ల బండిని నల్లగా మార్చి ఊరుకుంటే చెకింగ్‌లో సమాధానం చెప్పాల్సి వస్తుంది. ఒకసారి నన్ను ఇచ్ఛాపురం దారిలో అరగంట నిలబెట్టేశారు. పెట్టెల్లో రొయ్యలున్నాయి, నా టెన్షన్ మీరు ఊహించుకోండి. రంగు మార్చాలంటే ముందు రవాణా ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. లేదా మీ బండి రంగే కలిపి కొట్టగలిగే రకం తీసుకోండి, అది సుఖం. సరుకు బళ్లకి ఉండాల్సిన రిఫ్లెక్టర్ టేపు కూడా ఈ గరుకు మీద సరిగ్గా అంటదు. టేపు అంటించే పట్టీల వరకు నున్నగా వదిలేయమని ముందే చెప్పాలి.

డెంట్ పడితే వచ్చే ఇబ్బంది ఎవరూ చెప్పరు. మామూలు పెయింట్ అయితే టింకర్ సొట్ట తీసి, ఆ ప్యానెల్‌కి పెయింట్ వేసి ఇచ్చేస్తాడు. ఈ పూత ఉన్న చోట ముందు హీట్ గన్‌తో కాల్చి, స్క్రేపర్‌తో బెత్తెడు బెత్తెడు చొప్పున గీకాలి. నా బండికి పూత మొత్తం తీయడానికి ఇద్దరు మనుషులకి తొమ్మిది రోజులు పట్టింది. వెల్డింగ్ చేసేటప్పుడు దాని మీద మంట పడితే వచ్చే పొగ చాలా చెడ్డది. అలాగే కొట్టేటప్పుడు కూడా. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే కొంచెం తగిలినా మళ్లీ ఊపిరాడదు. మన షాపుల్లో కుర్రాళ్లు ముక్కుకి రుమాలు కట్టుకుని కొట్టేస్తుంటారు. రుమాలు దీనికి ఏ మాత్రం చాలదు. సరైన కార్ట్రిడ్జ్ మాస్కు, వీలైతే బయటి గాలి అందించే మాస్కు ఉన్న షాపుకే పని ఇవ్వండి. లేకపోతే మాస్కు మీరే కొని ఇవ్వండి. మన బండి బాగుండడం కోసం ఒక పిల్లాడి ఊపిరి పాడవకూడదు.

రెండోసారి నేను చేయించింది చెప్తాను. తుప్పు తిన్న రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేయించాను. మిగతా చోట గ్రైండర్‌కి వైర్ బ్రష్ పెట్టి రేకు తెల్లగా మెరిసేదాకా తీయించాను. సందుల్లో మిగిలిన దానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) పూసి, ఆరాక కడిగి, వెంటనే రెండు డబ్బాల మందు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ వేయించాను. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చౌక, కానీ దాని మీద ఈ పూత పట్టుకుంటుందని నేను నమ్మను. ప్రైమర్‌ని మళ్లీ గరుకు కాగితంతో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, అప్పుడు తొట్టి లోపల, చక్రాల మీది రేకు గూళ్లలో, తలుపుల అడుగు నుంచి ఒక అడుగు ఎత్తు వరకు బెడ్ లైనర్. పైన అంతా మామూలు తెల్ల పెయింట్. కన్నాలకి ముందే చెక్క పుల్లలు పెట్టించి, తర్వాత తీయించాను. తలుపుల లోపల, చాసిస్ గొట్టాల్లో మైనపు స్ప్రే కొట్టించాను. పాత ఇంజిన్ ఆయిల్ కొట్టమని చాలామంది చెప్తారు, నేను ఒప్పుకోను. అది రబ్బరు బుష్‌లని ఉబ్బించి పాడు చేస్తుంది, నేలనీ పాడు చేస్తుంది.

ఈ పని డిసెంబర్ నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి, అదీ పొద్దెక్కి మంచు పూర్తిగా ఆరాక. హార్డెనర్‌కి తేమ తగిలితే గ్యాస్ పుట్టి పూతలో సన్న బుడగలు వస్తాయి, అవే తర్వాత నీటికి దారులు. వానల్లో ఎంత తగ్గించి ఇస్తామన్నా వెళ్లకండి. అక్టోబర్ కూడా మనకి నమ్మదగిన నెల కాదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబర్‌లోనే ఈ తీరాన్ని కొట్టాయి.

బరువు గురించి భయపడకండి. ఒక చదరపు మీటరుకి ఒక మిల్లీమీటరు మందం వేస్తే కిలో పైచిలుకు. తొట్టికీ కింది భాగానికీ కలిపి పది, పదిహేను కిలోలకి మించదు.

తొట్టిలో దీని వల్ల మంచి కూడా చూశాను. పెట్టెలు జారవు, మలుపుల్లో సరుకు అటూ ఇటూ పోదు. మీ ఘాటీ దారికి అది పెద్ద లాభం. కానీ జారకపోవడం వల్ల బరువైన మూటల్ని ఈడ్చలేరు, ఎత్తే దించాలి. మీ హమాలీలకి చేతి గ్లవ్స్ ఇవ్వండి, మోచేతులు గీసుకుపోతాయి. ఎర్రమట్టి ఆ గరుకులో ఇరుక్కుంటే బకెట్ నీళ్లకి రాదు, ప్రెషర్ పంపు కావాలి. రబ్బరు మ్యాట్, ప్లాస్టిక్ తొట్టి లాంటివి పరచవచ్చు కదా అనిపించవచ్చు. వాటి కింద నీరూ ఇసుకా చేరి పెయింట్‌ని అరగదీస్తాయి, వారానికోసారి ఎత్తి కడిగే ఓపిక ఉంటేనే అవి మేలు. మా తీరంలో కొందరు అల్యూమినియం షీట్ వేయించారు. ఉప్పునీరు మధ్యలో ఉంటే ఇనుము తగిలిన చోట అల్యూమినియం త్వరగా తినేసుకుపోతుంది. ఉప్పు లేని మీ దగ్గర అంత భయం లేదు.

మీరు షాపుకి వెళ్లే ముందు ఒక ఆదివారం బండి కింద పడుకుని చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో తలుపుల అడుగున, తొట్టి మూలల్లో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు దబ్‌మంటుంది. చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి, అది అంటుకోని చోట పుట్టీ ఉన్నట్టు. సెకండ్ హ్యాండ్ బండి కదా, పాత ఓనర్ ఏం దాచాడో అప్పుడే తెలుస్తుంది. ఆ చోట్లన్నీ చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, ఫోటోలు తీసుకుని షాపుకి వెళ్లండి. ప్రైమర్ వేసే ముందు రేకు చూడటానికి నేనే వస్తానని చెప్పండి. దానికి ఒప్పుకోని చోట బండి వదలకండి.

నా బండి ఇప్పుడు కూడా ప్రతి ట్రిప్పు తర్వాత బోరు నీళ్లతో, కింద చాసిస్ తడిసేలా, కడుగుతాను. 2022 జనవరిలో రెండో పని పూర్తయింది. తలుపుల కింద ఇప్పటిదాకా ఉబ్బు రాలేదు, నెలకోసారి బొటనవేలితో నొక్కి చూస్తూనే ఉన్నాను. మీరు తట్టి చూశాక ఎక్కడ దబ్‌మందో ఫోటోలతో ఇక్కడే రాయండి. కోసి వేయాలా, కన్వర్టర్ చాలా అన్నది మా మిస్త్రీని అడిగి చెప్తాను.