అమెరికా యూనివర్సిటీల్లో మన అమ్మాయిలంటే చిన్నచూపు ఉంటుందా?

పీహెచ్‌డీకి అమెరికా వెళ్తున్నాను, ఆడపిల్లగా, ఇండియన్‌గా అక్కడ వివక్ష ఉంటుందా అని తార్నాక నుంచి అడిగారు. ఉంటుంది. మీరు భయపడుతున్నట్టు మొహం మీద ఎవరూ ఏమీ అనకపోవచ్చు. అక్కడ బయాలజీ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) చేసి, ఒక కోర్సు కూడా చెప్పి, ఇప్పుడు హైదరాబాద్‌లో పాఠాలు చెబుతున్నాను. నన్ను అక్కడ అందరూ మెచ్చుకున్నవాళ్లే.

చిక్కంతా ఆ మెచ్చుకోలులోనే ఉంది. నెమ్మదస్తురాలు, చెప్పిన పని చేస్తుంది అని పేరు పడిందంటే, కొత్తవాళ్లకి మైక్రోస్కోప్ నేర్పడం, కెమికల్స్ ఆర్డర్ పెట్టడం, ఆఖరికి పుట్టినరోజు కేకు తేవడం కూడా మన నెత్తినే పడుతుంది. గ్రాంట్‌కి, అంటే పరిశోధన నిధులకి, అప్లికేషన్ రాసేటప్పుడు మాత్రం మనం గుర్తుకు రాం. మా ల్యాబ్‌లో ఈ పనులన్నీ నేనూ, ఒక కొరియా అమ్మాయీ పంచుకునేవాళ్లం. ఒక కాన్ఫరెన్స్‌లో పెద్ద ప్రొఫెసర్ ఒకాయన వచ్చి, నిన్న మీ టాక్ అద్భుతం అని చేయి కలిపాడు. ఆ టాక్ ఇచ్చింది ఒక బెంగాలీ అమ్మాయి. ఆవిడ నాకంటే జానెడు పొడుగు, పైగా కళ్లజోడు!

సెమిస్టర్ చివర స్టూడెంట్లు రాసే ఫీడ్‌బ్యాక్‌లో 'యాస అర్థం కావట్లేదు' అన్న మాట నాకు తప్పేది కాదు. ముద్దముద్దగా ఇంగ్లిష్ మాట్లాడే జర్మన్ ప్రొఫెసర్‌కి మాత్రం ఆ మాట ఎప్పుడూ రాలేదట, ఆయనే నవ్వుతూ చెప్పాడు. 1992లో డొనాల్డ్ రూబిన్ అనే పరిశోధకుడు ఒక అధ్యయనం ప్రచురించాడు. అమెరికన్ గొంతుతో రికార్డు చేసిన పాఠం వినిపిస్తూ, కొందరు స్టూడెంట్లకి తెల్ల మహిళ ఫోటో, కొందరికి ఆసియా మహిళ ఫోటో చూపించారు. ఆసియా ఫోటో చూసినవాళ్లకి లేని యాస వినపడింది, పాఠం కూడా తక్కువ ఎక్కింది. కాబట్టి ఉచ్చారణ క్లాసులకి డబ్బు తగలేయకండి.

అసలు ఇది అడ్మిషన్‌కి ముందే మొదలవుతుంది. 2015లో వచ్చిన మిల్క్‌మన్ బృందం అధ్యయనంలో, పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నామంటూ 6,500 మందికి పైగా ప్రొఫెసర్లకి ఒకేలాంటి మెయిల్ పంపారు, పేర్లు మాత్రం మార్చారు. తెల్ల మగవాళ్ల పేర్లకి వచ్చినన్ని జవాబులు ఆడవాళ్లకీ, ఇండియన్, చైనీస్ వంటి పేర్లకీ రాలేదు. జవాబు రాలేదని కుంగిపోకుండా ఇంకో పదిమందికి రాయండి.

నిలదీయొచ్చుగా అంటారు. వీసా ఆ ఉద్యోగానికే ముడిపడి ఉండి, తర్వాతి ఉద్యోగానికి సిఫార్సు లేఖ రాయాల్సింది కూడా ఆ గైడే అయితే నోరు లేవదు. అందుకే చేరకముందే, ఆ ల్యాబ్ నుంచి బయటికొచ్చిన అమ్మాయిలకి విడిగా మెయిల్ పెట్టండి. పరిశోధన పేపర్ల మీద మొదటి పేరు ఎవరిది పడింది, అది ఎప్పుడు తేల్చారు, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు, ఇవి కనుక్కోండి. గైడు గురించి చెడ్డగా ఎవరూ రాసివ్వరు, ఫోన్‌లో మాట్లాడదామంటే మాత్రం తప్పకుండా ఒప్పుకోండి.