వెనక పల్లమున్న స్థలంలో ఇల్లు

ప్రశ్న: అమలాపురం దగ్గర మా స్థలం రోడ్డు నుంచి వెనక పంటకాలువ వైపు 4 అడుగులు పల్లంగా ఉంది. నేల నల్లరేగడి. మట్టి తోలించి, మెరక చేసి కట్టొచ్చా?

జవాబు: తోలిన మట్టి మీద మాత్రం పునాది వేయకండి. అది కుంగుతుంది. కింది రేగడేమో వానలకు ఉబ్బి, ఎండలకు నెర్రెలిస్తుంది. గోడలు ఏటవాలుగా పగిలేది అందుకే. మట్టి పరీక్ష చేయించి, కనీసం 3.5 మీటర్ల లోతుకు అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి దింపే, అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలు) వేయించండి. పైల్ వ్యాసం 30 సెంటీమీటర్లయితే అడుగున ఉబ్బు వ్యాసం 75 ఉండాలి. ప్లింత్ బీముకూ (గోడల కింద, పైల్స్ మీద వేసే కాంక్రీటు దూలం) నేలకూ మధ్య 8 సెంటీమీటర్ల ఖాళీ తప్పనిసరి, లేకపోతే ఉబ్బిన రేగడి బీమునే ఎత్తేస్తుంది. వెనక సగాన్ని స్తంభాల మీద నిలపడమే మేలు: మట్టి ఖర్చు తగ్గుతుంది, కాలువ పొంగినా నీరు కిందినుంచి పోతుంది. స్తంభాల మధ్య ఆ ఖాళీలో మోటారు, మీటరు బోర్డు పెట్టొద్దు.